హ్యూమ్ దొర పక్షుల పద్దు

ఆలన్ ఆక్టేవియన్ హ్యూమ్ పేరు వినగానే చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికి 1885 డిసెంబరు 28వ తేదీ జ్ఞప్తికి వస్తుంది. ఆనాడు బొంబాయిలోని గోకులదాస్ తేజపాల్ సంస్కృత కళాశాలలో 72 మంది ప్రతినిధులు సమావేశమై భారత జాతీయ కాంగ్రెసును ప్రారంభించినారు. ఆ సభకు సూత్రధారి హ్యూమ్. పరీక్షలో ఒక మార్కు తెచ్చిపెట్టే ఈ సంగతితో ఆయన కథ మన పిల్లలకు ముగిసిపోతున్నది. కాని అదే సంవత్సరంలో, ఆ సభకు కొన్ని నెలలు ముందుగా, సిమ్లాలోని ఆయన ఇంటినుంచి దేవదారు పెట్టెలలో సుమారు 82,000 పక్షి చర్మాలు, గ్రుడ్లు, గూళ్ళు లండనుకు తరలిపోయినవి. పాతికేండ్లకు పైగా కూర్చిన సంపదను ఆ విధంగా పెట్టెలకెత్తి పంపివేసిన తరువాతనే ఆయన ప్రజాసేవలో సంపూర్ణంగా దిగినాడు. కాంగ్రెసు హ్యూమును అందరూ ఎరుగుదురు. పక్షుల హ్యూమును ఎరిగినవారు తక్కువ.

పక్షులను పరిశీలించేవారిలో ఒక ఆచారమున్నది. తాము పుట్టిననాటినుంచి కంటితో చూచి గుర్తుపట్టిన ప్రతి పక్షి జాతి పేరును, చూచిన చోటును, తేదీని ఒక పుస్తకంలో వ్రాసికొంటారు. దానిని జీవిత పట్టిక అంటారు. పైకి అది పిల్లలు గోళీలు లెక్క పెట్టుకొనే వేడుకవలె కనిపించవచ్చు. కాని ఒకడు సత్యసంధతతో వ్రాసుకొన్న పద్దు, అతడు గతించిన నూరేండ్లకు కూడ శాస్త్రానికి ఆధారం కాగలదు. ఏ పిట్ట ఏనాడు ఎక్కడ ఉండినదో మరియొక విధంగా తెలిసికొనే ఉపాయం లేదు. ఇటువంటి పద్దును ఒక వ్యక్తి ఎంత దూరం తీసికొనిపోగలడో, అది చేజారినప్పుడు అతనికి ఏమి మిగులుతుందో హ్యూమ్ జీవితంలో చూడవచ్చు.

ఆయన 1829లో జన్మించినాడు. తండ్రి జోసెఫ్ హ్యూమ్ స్కాట్లండువాడు; పూర్వం ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడుగా మన దేశంలో పనిచేసి, తిరిగి వెళ్ళి పార్లమెంటు సభ్యుడైనాడు. ప్రభుత్వం వ్యయపరచిన ప్రతి కాసుకు లెక్క చెప్పమని సభలో మంత్రులను నిలదీయడం ఆయనకు నిత్యకృత్యం. లెక్క పట్ల ఆ శ్రద్ధ కుమారునికి వారసత్వంగా వచ్చినదనుకొంటే తప్పు కాదు. ఆలన్ హెయిలీబరీలోని కంపెనీ కళాశాలలో చదివి, లండనులో వైద్యం, శస్త్రచికిత్స కూడ కొంత నేర్చి, 1849లో ఇరువదేండ్ల వయస్సున బంగాళా సివిలు సర్వీసులో చేరి భారతదేశానికి వచ్చినాడు.

ఎటావా జిల్లా ఆయన తొలి కర్మక్షేత్రం. అక్కడ ఆయన చేసిన పనిని ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగును. 1857 నాటికి ఆ జిల్లాలో ఆయన ప్రోత్సాహంతో 181 పాఠశాలలు వెలసినవి. వాటిలో 5,186 మంది విద్యార్థులు. అందులో బాలికలు ఇద్దరు. ఇద్దరే కదా అని ఆ సంఖ్యను పెద్ద సంఖ్యలో కలిపి మరుగుపరచకపోవడం గమనించదగినది. ఉన్నదానిని ఉన్నట్లు వ్రాయడమే లెక్కకు ప్రాణం.

ఎటావాలోనే ఆయన పక్షులను సేకరించనారంభించినాడు. 1857లో సిపాయిలు తిరుగుబాటు చేసినప్పుడు ఆయన ఎటావా విడిచి ఆగ్రా కోటలో తలదాచుకోవలసి వచ్చినది. తిరిగి తన జిల్లాలో అధికారం నెలకొల్పడానికి నెలలు పట్టినవి. ఆ అల్లకల్లోలంలో ఆయన తొలి సేకరణ అంతా నాశనమైనది. ఆయన వయస్సు అప్పటికి ఇరువది ఎనిమిది. ఆ వయస్సులో ఒకసారి పోయినది మళ్ళీ కూర్చుకోవచ్చు. ఆయన మొదటినుంచి మళ్ళీ ప్రారంభించినాడు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. నేటి పక్షి ప్రియుని చేతిలో ఉండేది దుర్భిణి. ఆనాటివాని చేతిలో ఉండినది తుపాకి. దూరపు పిట్టను దగ్గరగా చూపే మేలైన జంట దుర్భిణులు జర్మనీలోని జైస్ కర్మాగారంనుంచి విరివిగా వెలువడినది 1894 తరువాతనే. అంతకుముందు కొమ్మల చాటున ఎగిరే చిన్న పిట్ట జాతిని నిశ్చయించాలంటే దానిని పడగొట్టి, అరచేతిలో పెట్టుకొని, రెక్కను, ముక్కును, కాలిని కొలవడం తప్ప వేరు దారి లేదు. చూచితిననే మాటకు చంపితిననే అర్థం ఉండినది. ఈ సంగతి నేటి పాఠకుని మనస్సును నొప్పిస్తుంది, నొప్పించవలసినదే. అయినా చంపిన ప్రతి పక్షి కాలికి ఒక చీటీ కట్టి, దానిపై పేరు, చోటు, తేదీ, ఆడో మగో, వ్రాయడంలో హ్యూమ్ చూపిన నిష్ఠను కాదనలేము. చీటీ లేని చర్మం ఆయన దృష్టిలో కేవలం ఈకల ముద్ద.

1867లో ఆయన అంతర్దేశీయ సుంకాల శాఖకు కమిషనరైనాడు. ఉప్పుపై పన్ను వసూలుకై ఉత్తరాన సింధునదినుంచి తూర్పున మహానది వరకు సుమారు 2,300 మైళ్ళ పొడవున ప్రభుత్వం ఒక సుంకపు హద్దును ఏర్పరచి, అందులో కొంత మేర ఒక కంచెను పెంచినది. తుమ్మ, రేగు, నాగజెముడు వంటి ముండ్లమొక్కల కంచె అది. దానికి కావలి సుమారు పన్నెండు వేల మంది. పేదవాని గంజిలో ఉప్పును అడ్డగించిన ఆ కంచె చరిత్రలో కీర్తి తెచ్చుకొనదగినది కాదు. 1879లో అది రద్దయినది. కాని దాని వెంబడి పర్యటించవలసిన ఉద్యోగం కావడం చేత ఎడారి, కొండ, నదీలోయ, చిత్తడి నేల అన్నీ హ్యూమ్ కంటబడినవి. ఆ శాఖలోని అధికారులలో కొందరిని ఆయన పక్షి పరిశీలకులుగా తీర్చినాడు. సాంభర్ ఉప్పు సరస్సు పక్షులనుగురించి తొలి వివరమైన వ్యాసం వ్రాసిన ఆడమ్ సుంకాల శాఖ ఉద్యోగియే.

ఆ ఏడే, నవంబరు 13వ తేదీన, హిమాలయాలలో సట్లెజ్ లోయలోని రాంపూరు సమీపంలో హ్యూమ్ ఒక చిన్న పిట్టను సంపాదించినాడు. రెల్లుపొదలలో తిరిగే జాతి, గోధుమవన్నె, చూపులకు ఏ విశేషమూ లేదు. ముక్కు మాత్రం దాని బంధువులకంటె కొంచెం పొడుగు. కొలతలు వ్రాసి, చీటీ కట్టి, అది క్రొత్త జాతి అని ప్రకటించినాడు. అటువంటిది మరి రెండవది ఆయనకు దొరకలేదు. ఆయన కాలంలో మరి ఎవ్వరూ దానిని గుర్తించలేదు.

1871లో వ్యవసాయ, రెవెన్యూ, వాణిజ్య శాఖ ఏర్పడగా హ్యూమ్ దానికి కార్యదర్శియై సిమ్లా చేరినాడు. జాకో కొండ మీది రాత్నీ కాజిల్ అనే భవనం ఆయన నివాసమైనది. అందులోనే పక్షుల మ్యూజియం వెలసినది. అప్పటికి భారతీయ పక్షులకు ప్రమాణ గ్రంథం జెర్డన్ వ్రాసిన బర్డ్స్ ఆఫ్ ఇండియా. 1862, 1864 సంవత్సరాల మధ్య వెలువడిన ఆ గ్రంథంలో 1,008 జాతుల వర్ణన ఉన్నది. ఈ జెర్డన్ మనవారికి కొంత దగ్గరవాడు. ఆయన మదరాసు సైన్యంలో వైద్యుడుగా చేరి, నెల్లూరులో సివిలు సర్జనుగా పనిచేసినాడు. తన గ్రంథంలో ఎన్నో పక్షులకు హిందీ, అరవ పేర్లతోపాటు తెలుగు పేర్లు కూడ చేర్చినాడు. మన నిఘంటువులలో పక్షివిశేషము అన్న రెండు ముక్కలతో సరిపెట్టిన పదాలకు అక్కడ రూపం, రంగు, కూత దొరుకుతవి. తెలుగు ఉపాధ్యాయులు ఆ పుటలు ఒకసారి తిరగవేయడం మంచిది. కడప జిల్లాలో 1986లో మళ్ళీ కనిపించి లోకాన్ని ఆశ్చర్యపరచిన కలివికోడి శాస్త్రలోకంలో జెర్డన్ పేరుతోనే పిలువబడుతున్నది.

హ్యూమ్ జెర్డన్ వేసిన వరుస సంఖ్యలనే తన పద్దుకు పునాది చేసికొన్నాడు. క్రొత్తగా తెలిసిన జాతిని రెండు పాత సంఖ్యల నడుమ ఇమిడ్చి వ్రాసేవాడు. ఆయన ఆశ చిన్నది కాదు. బ్రిటిషు ఇండియా, బర్మా, ద్వీపాలు అన్నింటిలోని ప్రతి పక్షి జాతి జీవిత చరిత్రను వ్రాయాలి. అది ఎక్కడ పుట్టి, ఏమి తిని, ఏ నెలలో గూడు కట్టి, ఎన్ని గ్రుడ్లు పెట్టి, ఎటు వలసపోతుందో సమస్తం ఒక మహాగ్రంథంలో చేర్చాలి. ఇందుకై తాను స్వయంగా సింధు ప్రాంతానికి వెళ్ళినాడు. 1873లో అండమాను, నికోబారు దీవులకు, 1875లో లక్షదీవులకు, 1881లో మణిపురానికి యాత్రలు చేసినాడు. తాను వెళ్ళలేని టెనాసెరిం అడవులకు తన మ్యూజియం పాలకుడైన డేవిసనును పంపినాడు.

అయితే ఒక మనిషి రెండు కండ్లు ఇంత దేశానికి చాలవు. ఇది గ్రహించడంలోనే హ్యూమ్ గొప్పతనం ఉన్నది. 1872లో ఆయన స్ట్రే ఫెదర్స్, అనగా చెదరిన ఈకలు, అనే పత్రికను ప్రారంభించినాడు. దేశం నలుమూలల ఉన్న సైనికులు, ఇంజనీర్లు, వైద్యులు, అటవీ అధికారులు తాము చూచినదానిని అందులో వ్రాయనారంభించినారు. రైల్వే ఇంజనీరు బ్రూక్స్, బర్మాలో మరామతు శాఖలో పనిచేసిన యూజీన్ ఓట్స్ అటువంటివారే. చర్మం ఒలవడం, ఎండబెట్టడం, చీటీ వ్రాయడం, పెట్టెలో సర్దడం నేర్పుతూ 1874లో ఒక చిన్న కరదీపికను కూడ ఆయన అచ్చొత్తించినాడు. జీతం లేని శిష్యులకు పాఠ్యపుస్తకం వంటిది అది. ఆ శిష్యులలో ఒకడైన బ్లెవిట్ 1872లో మధ్య భారతపు అడవులనుంచి పంపిన ఒక గుడ్లగూబను హ్యూమ్ క్రొత్త జాతిగా గుర్తించి, పంపినవాని పేరే దానికి పెట్టినాడు. మన పైడికంటెను పోలిన చిన్న పక్షి అది.

దొరతనంవారి కొలువులో ఆయన నోరు ఆయనకు శత్రువైనది. పై అధికారుల విధానాలను కుండబద్దలు కొట్టినట్లు విమర్శించే స్వభావం. 1879లో ఆయనను కార్యదర్శి పదవినుంచి తొలగించి అలహాబాదులో చిన్న పదవికి పంపినారు. 1882లో ఆయన ఉద్యోగ విరమణ చేసినాడు. ఇక తీరిక దొరికినది. సామగ్రి సిద్ధంగా ఉన్నది. మహాగ్రంథం వ్రాయడమే తరువాయి.

అప్పుడు పిడుగు పడినది.

ఆయన సిమ్లాలో లేని సమయంలో ఒక సేవకుడు మ్యూజియంలో చొరబడి వ్రాతప్రతులను మణుగుల కొద్దీ దొంగిలించి బజారులో చిత్తు కాగితాలక్రింద అమ్ముకొన్నాడు. 1883 ప్రాంతపు సంగతి ఇది. దొంగతనం జరిగిన వెంటనే తెలియలేదు. తెలిసేసరికి నెలలు గడచినవి. వెదకించగా తిరిగి దొరికినది అత్యల్పం. పోయినవాటిలో సుమారు 700 జాతుల జీవిత చరిత్రలు, కొన్ని పూర్తిగా, కొన్ని సగం వరకు వ్రాసినవి, ఉండినవి.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. సేవకుడు ఏరుకొన్నది పెద్ద ఠావులను. పుల్‌స్కేపు ఠావులపై నిండుగా, పొందికగా వ్రాసిన వ్యాసాలు దాదాపు అన్నీ పోయినవి. చిన్న చీటీలపై గీకిన ముక్కలు మాత్రం పోలేదు. పొట్లం కట్టడానికి పనికిరాని తుండు కాగితాలకు చిత్తు బజారులో ధర లేదు. ఫలానా తేదీన ఫలానా చెట్టుపై గూడు చూచితిని, గ్రుడ్లు మూడు అన్న పాటి ముక్కలు అవి. పండితుడు తీర్చిదిద్దిన గ్రంథం బజారుపాలైనది. పరిశీలకుడు ఆ పూట ఆ చోట వ్రాసికొన్న పద్దు మిగిలినది. గద్య రచన పోయినా లెక్క నిలిచినది అనవచ్చు.

హ్యూమ్ మళ్ళీ కూర్చుండి వ్రాయలేదు. 1857లో వలె ఇప్పుడు ఇరువది ఎనిమిదేండ్లవాడు కాడు, వయస్సు ఏబదినాలుగు. దీనికి తోడు అతివర్షాలకు కొండచరియ విరిగి మ్యూజియం కొంత దెబ్బతిన్నది. ఆ సంవత్సరాలలోనే ఆయన దివ్యజ్ఞాన సమాజంలో చేరి, కొంతకాలానికి దానిని విడిచినాడు. మాంసాహారం, వేట మాత్రం మానివేసినాడు. తుపాకి లేనిదే సేకరణ లేని ఆ కాలంలో ఈ నిర్ణయమొక్కటే చాలును ఆయనను ఆ పనినుంచి తప్పించడానికి. జరిగినదానికి ఏది ఎంత కారణమో తూచి చెప్పడం వృథా. మనిషి ఒక పనిని విడిచిపెట్టడానికి సాధారణంగా ఒక్క కారణం చాలదు.

సేకరణనంతటినీ బ్రిటిష్ మ్యూజియానికి ఉచితంగా ఇస్తానన్నాడు. అయితే పక్షిశాస్త్రజ్ఞుడు రిచర్డ్ బౌడ్లర్ షార్ప్ స్వయంగా వచ్చి సర్దుకొనిపోవాలన్నాడు. లండనువారు తాత్సారం చేసినారు. ఈలోగా పురుగు పట్టి పాడైన సుమారు 20,000 నమూనాలను హ్యూమ్ తన చేతులతోనే నాశనం చేయించవలసి వచ్చినది. ఆ వార్త విన్న తరువాత షార్ప్ 1885లో సిమ్లా వచ్చి పెట్టెలు కట్టించినాడు. అంత పెద్ద సేకరణను ఒక వ్యక్తి ఏనాడూ ఆ మ్యూజియానికి ఇచ్చి ఉండలేదు.

మిగిలిన చీటీలను హ్యూమ్ తన పాత శిష్యుడు ఓట్స్ చేతికి అప్పగించినాడు. భారతీయ పక్షుల గూళ్ళు, గ్రుడ్లనుగురించి హ్యూమ్ 1873లో మొదలుపెట్టి చిత్తుప్రతిగా వెలువరించిన గ్రంథాన్ని ఓట్స్ ఆ చీటీల సాయంతో సంస్కరించి, 1889, 1890లలో మూడు సంపుటాలుగా ప్రకటించినాడు. దొంగతనం సంగతి మనకు తెలియడం కూడ దానికి హ్యూమ్ వ్రాసిన ముందుమాటవల్లనే. ఆ ముందుమాటలో ఏడుపు లేదు, శాపనార్థాలు లేవు. ఏది పోయినది, ఏది మిగిలినది అన్న జాబితా మాత్రమే ఉన్నది. తండ్రికి తగిన కుమారుడు!

కాంగ్రెసు కథ మన పాఠకులకు తెలిసినదే కనుక ఇక్కడ పెంచనక్కరలేదు. 1883 మార్చిలో కలకత్తా విశ్వవిద్యాలయ పట్టభద్రులకు ఆయన బహిరంగ లేఖ వ్రాసినాడు. అనంతరం దేశమంతటా పరిచయాలు, ఉత్తరాలు, నివేదికలు. స్ట్రే ఫెదర్స్ నడిపిన రోజులలో మూల మూలల ఉన్నవారిచేత వ్రాయించి ఒకచోట చేర్చిన నేర్పే ఇక్కడ కూడ అక్కరకు వచ్చినది. మొదటి కాంగ్రెసుకు హాజరైన 72 మందిలో మన చిత్తూరు ప్రాంతంలో పుట్టిన పనప్పాకం ఆనందాచార్యులు ఒకరు. ఆయన 1891లో నాగపూరు కాంగ్రెసుకు అధ్యక్షుడైనాడు.

1894లో హ్యూమ్ భారతదేశం విడిచి లండను చేరినాడు. అరువదియైదేండ్ల వృద్ధుడు విశ్రాంతి తీసికొంటాడని అందరూ అనుకొని ఉంటారు. ఆయన చెట్లమీద పడినాడు! పూలమొక్కలను సేకరించి, ఆరబెట్టి, అట్టలపై అతికించి, మళ్ళీ చీటీలు వ్రాయడం ప్రారంభించినాడు. ఈసారి ఏ ప్రాణిని చంపవలసిన అగత్యం లేదు. 1910లో సామాన్యులు వృక్షశాస్త్రం నేర్చుకోవడానికి దక్షిణ లండనులో ఒక సంస్థను తన ధనంతో స్థాపించినాడు. సౌత్ లండన్ బొటానికల్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆ సంస్థ నేటికీ నడుస్తున్నది. 1912 జులై 31న ఆయన కన్నుమూసినాడు. ఆ వార్త తెలిసి ఎటావాలో బజారు మూసివేసినారు.

ఆయన చీటీల విలువ తరువాతి కాలంలో తెలియవచ్చినది. బ్లెవిట్ పేరు పెట్టిన ఆ గుడ్లగూబ 1884 తరువాత ఎవరికీ కనబడలేదు. మీనర్జాగన్ అనే ఇంగ్లీషు సైన్యాధికారి మ్యూజియంనుంచి ఒక పాత నమూనాను అపహరించి, తాను 1914లో గుజరాతులో సంపాదించినట్లు దొంగ చీటీ కట్టినాడు. ఆ చీటీని నమ్మినవారు లేనిచోట వెదకి విసిగినారు. పమేలా రాస్ముసెన్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు ఆ మోసాన్ని పసిగట్టి, పాత నిజమైన చీటీలలోని చోట్లను పట్టుకొని సహచరులతో బయలుదేరి, 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా సమీపంలో ఆ పక్షిని ప్రాణంతో చూచినది. ఒక అబద్ధపు పద్దు ఎంత చెరుపు చేస్తుందో, ఒక నిజమైన పద్దు ఎంతటి మేలు చేస్తుందో ఒక్క పిట్ట విషయంలోనే తేలిపోయినది.

ఇక రాంపూరు పిట్ట. ఆ ఒక్క చర్మాన్ని చూచి కొందరు పండితులు అది ప్రత్యేక జాతి కాదనీ, మరొక జాతిలో పుట్టిన వింత రూపమనీ సందేహించినారు. 2002లో శాస్త్రజ్ఞులు దాని జన్యుపదార్థాన్ని పరీక్షించి హ్యూమ్ చెప్పినదే సరియని తేల్చినారు. నాలుగేండ్లకు, 2006 మార్చి 27న, థాయిలాండులో ఫిలిప్ రౌండ్ అనే పరిశీలకుడు వలలో పడిన పిట్టల కాళ్ళకు వలయాలు తొడుగుతుండగా ఒక గోధుమవన్నె పిట్ట చేతికి వచ్చినది. ముక్కు కొంచెం పొడుగు. కొలతలు వ్రాసికొని, ఛాయాచిత్రం తీసి, పరీక్షకు ఈకలు తీసి ఉంచి, దానిని విడిచిపెట్టినాడు. ఈకలు స్వీడను వెళ్ళినవి. 1867 నవంబరు 13 నాటి చీటీ గల చర్మంతో అవి సరిపోయినవి.